ప్రాకారం లేని ఊళ్ళో పెంకుటిల్లు



లేవీయకాండము 25వ అధ్యాయంలో సునాద సంవత్సరం గురించి మనం చాలాసార్లు ధ్యానించాం గాని, 29 నుంచి 31 వరకు ఉన్న మూడు వచనాల దగ్గర ఎప్పుడూ ఆగలేదు. అవి ఇల్లు అమ్ముకోవడం గురించినవి. ప్రాకారం ఉన్న పట్టణంలో ఇల్లు అమ్మినవాడికి దాన్ని విడిపించుకోవడానికి ఒక్క సంవత్సరమే గడువు. అది దాటితే ఇల్లు కొన్నవాడిదే, సునాద సంవత్సరం వచ్చినా తిరిగి రాదు. ప్రాకారం లేని పల్లెలో ఇల్లు అలా కాదు. దాన్ని పొలంతో సమానంగా ఎంచాలి, ఎప్పుడైనా విడిపించుకోవచ్చు. పల్లెలో ఇల్లు పోతే బతుకుతెరువు కూడా పోతుంది. బీదవాడు సరదాకి ఇల్లు అమ్ముకోడని దేవునికి తెలుసు.

ఈ వచనాలు ఇప్పుడెందుకంటే, భీమిలిలో మనం బుధవారం ప్రార్థన పెట్టుకునే పెంకుటిల్లు అమ్మకానికి వచ్చింది. రెండు గదులు, అరుగు, వెనక నుయ్యి, ఒక కొబ్బరిచెట్టు. పెంకులు పగిలినచోట నీలం పట్టా కప్పి ఉంది. చూడ్డానికి వచ్చేవారెవరూ గడప దాటడం లేదు. వీధిలోనే నిలబడి "ఎన్ని గజాలండీ?" అని అడిగి వెళ్ళిపోతున్నారు. వాళ్ళ లెక్కలో ఇంటికి విలువ లేదు సరికదా, పడగొట్టే ఖర్చొకటి.

భీమిలి చిన్నదే గాని ఇప్పటి ఊరు కాదు. డచ్చివారి సమాధులు అక్కడ ఇంకా ఉన్నాయి. పురపాలక సంఘం 1861లోనే ఏర్పడింది. విశాఖకు 1933లో ఓడరేవు రాకముందే భీమిలి రేవు ఓడల్ని చూసింది. ఇప్పుడు విశాఖే తీరం వెంబడి భీమిలి దాకా వచ్చేసింది, గజం ధర కూడా దాంతోపాటే.

ఆ ఇంటి మామ్మగారికి ఇది మెట్టినిల్లు. పుట్టిల్లు గాజువాక వైపు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. దానికోసం ఖాళీ అయిన ఎన్నో ఊళ్ళలో మామ్మగారి ఊరూ ఒకటి. ఆ ఉక్కు ఎన్ని ఇళ్ళకు అన్నం పెట్టిందో మనకు తెలుసు, మన సంఘంలోనే ఉన్నారు. మామ్మగారు మాత్రం ఒక్క మాటే అన్నారు: "అది గోడ లోపలికి పోయిందండయ్యగారూ. అమ్ముతారా అని అప్పుడెవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారు, నాకు నోరు రావట్లేదు."

కొడుకు వైద్యానికి చేసిన అప్పుకి నెలనెలా వడ్డీ కడుతున్నారు. విశ్వాసం ఉంటే ఇల్లు అమ్మనక్కరలేదని ఒకరిద్దరు సహోదరులు ఆమెతో అన్నారట. ఆ మాట మాకు నచ్చలేదు. వడ్డీ కట్టేది వాళ్ళు కాదు. బర్నబా కూడా భూమి అమ్మాడు, అవిశ్వాసంతో కాదు.

అయితే మన కాలంలో రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర పడ్డాక సునాద సంవత్సరం లేదు. అదే అధ్యాయం 25వ వచనంలో సమీప బంధువు వచ్చి విడిపించాలని ఉంది. ఇప్పుడు ఆ బంధువు చేయవలసినదంతా సంతకానికి ముందే చేయాలి. అందుకే మేమిద్దరం వెళ్ళి కూర్చున్నాం. ఈసీ తీయించాం, ఇంటిపన్ను రశీదులు వరసగా పెట్టించాం. ఇల్లు ఇంకా చనిపోయిన భర్త పేరు మీదే ఉంది. కాబట్టి వారసుల ధ్రువపత్రం కావాలి, కొడుకుతోపాటు ఇద్దరు కూతుళ్ళ సంతకాలూ కావాలి. ఒక మధ్యవర్తి యాభై వేలు బయానా చేతిలో పెట్టి తెల్లకాగితం మీద వేలిముద్ర అడిగాడట. మామ్మగారు అక్షరం రానివారే గాని ఇవ్వలేదు. ఆ ధైర్యం దేవుడిచ్చిందే.

వెనక స్థలం మాత్రం అమ్మితే అప్పు తీరుతుందేమో, ముందు గదీ అరుగూ మిగులుతాయేమో కొలిపించాలి. నుయ్యి వెనకభాగంలో ఉంది, అదొక చిక్కు. మిగలకపోతే మొత్తం అమ్మడమే. అప్పుడు మామ్మగారు కూర్మన్నపాలెంలో కొడుకు అద్దె ఇంటికి వెళ్తారు.

కూతుళ్ళు ఆదివారం వస్తున్నారు. ఆరాధన తరువాత కూర్చుంటాం. దస్తావేజుల పని తెలిసినవారు, సర్వే తెలిసినవారు సంఘంలో ఉంటే దయచేసి ఆగండి. ఈ నెలాఖరు దాకా బుధవారం ప్రార్థన అక్కడే, సాయంత్రం ఆరున్నరకి. అరుగు చాలదు, చాపలు తెచ్చుకోండి.