ఎవరి స్వర్ణయుగం?

కామిక్స్‌లో ఏ కాలం గొప్పది? మా స్టాఫ్ రూమ్‌లో ఈ వాదన మొదలైతే టీ చల్లారిపోవాల్సిందే. పెద్దవాళ్లందరిదీ ఒకటే మాట: అమర్ చిత్ర కథ రోజులే రోజులు. అమెరికా కామిక్స్ చదివే కుర్ర లెక్చరర్ మాత్రం 1938 అంటాడు. సూపర్‌మాన్ పుట్టిన ఏడాది. అక్కడి అభిమానులకు స్వర్ణయుగం మొదలైంది అప్పుడే. ఆ యుగంలోనే, 1940లో, విల్ ఐస్నర్ 'ది స్పిరిట్'లో ఎబొనీ వైట్ అనే నల్లపిల్లాణ్ణి గీశాడు. లావు పెదాలు, మిటకరించిన గుడ్లు, నవ్వించడానికి పెట్టిన పిల్లాడు. ఆ బంగారం ఎవరిదో వాణ్ణే అడగాలి.

మన సంగతికొద్దాం. అమర్ చిత్ర కథలు మొదట నాకు దొరికింది అమ్మ పనిచేసే ఇంట్లో. వాళ్ల పిల్లలు చదివి పడేసినవి, అట్టలు చిరిగినవి. ఇంగ్లీషు రాదు, బొమ్మలే చదివేవాణ్ణి. బాగుండేవి, ఆ మాట దాచను. ఏనుగులు నిజంగా నడుస్తున్నట్టే ఉండేవి. కానీ రాజులు తెల్లగా, రాక్షసులు నల్లగా, గుబురు మీసాలతో. నాయనమ్మ ఒక పేజీ చూసి "ఈడు మీ తాతలాగున్నాడేంట్రా" అని నవ్వింది. నేను గబుక్కున పేజీ తిప్పేశాను.

1967లో అనంత్ పాయ్ ఆ సిరీస్ ఎందుకు మొదలుపెట్టాడో చాలామంది మురిపెంగా చెబుతారు. టీవీ క్విజ్‌లో గ్రీకు దేవుళ్ల గురించి చెప్పగలిగిన పిల్లలు రాముడి తల్లి ఎవరంటే నోరు మెదపలేదట. ఆయన బాధ నిజమే కావొచ్చు. మహద్ చెరువు దగ్గర 1927లో ఏం జరిగిందని మాత్రం ఆ క్విజ్‌లో ఎవరూ అడిగి ఉండరు.

వాళ్లు అంబేద్కర్ మీదా ఒక సంచిక తెచ్చారు, 1979లో. పీహెచ్‌డీ రోజుల్లో చూశాను. తీసిపారేయను. కానీ మూస పాతదే: ఒక వీరుడు, ఒక జీవితం, 32 పేజీల్లో సమాప్తం. కులం ఆయన పడి దాటేసిన కష్టంలా కనిపిస్తుంది. పుస్తకం మూస్తే కులం కూడా మూసుకుపోతుంది.

నా ఓటు 2011కి. ఆ ఏడాది నవయాన 'భీమాయన' తెచ్చింది. శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్ మాటలు రాస్తే, పర్ధాన్ గోండు కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలు వేశారు. మనుషుల్ని గళ్లలో బంధించబోమన్నారు వాళ్లు. అందుకే పేజీలో చతురస్రాలుండవు. మంచి మాట పలికేవాళ్ల మాటల బుడగ పిట్ట ఆకారంలో ఉంటుంది. కులం పేరుతో కుట్టేవాడి బుడగకి తేలు కొండి. చదువు రానివాళ్లకి కూడా ఎవడి నోట్లో విషముందో తెలిసిపోతుంది. మా నాయనమ్మ ఉంటే ఆ పుస్తకాన్ని నాకన్నా వేగంగా చదివేది.

'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో బాబాసాహెబ్ రాసుకున్న అవమానాలే ఇందులో కథ. నీళ్లు, నీడ, ప్రయాణం. కానీ కథ మొదలయ్యేది మన కాలంలో, బస్టాపులో, రిజర్వేషన్ల మీద విసుక్కునే కుర్రాడి దగ్గర. మధ్యలో ఖైర్లాంజీ వస్తుంది. అది 2006. పేజీ తిప్పి తప్పించుకునే వీలుండదు.

మా సెకండియర్ అమ్మాయి ఒకతి రికార్డు పుస్తకం వెనక పేజీల్లో వాళ్ల వాడ బోరింగు గీస్తోంది. బిందెల వరస, ఒక ముసలామె, ఒక కుక్క. మాటలింకా రాయలేదు. ఏ ఆకారం బుడగలు పెడతావమ్మా అనడిగితే, "వాళ్లవి ముందు తేల్చాలి సార్" అంది.