మాటకు ముందు పలకరింపు

మా పెద్దబ్బాయి పారిస్‌లో తోలు వస్తువుల వ్యాపారం చేస్తున్నాడు. వెళ్ళిన కొత్తలో ఒక దుకాణంలో అడుగు పెడుతూనే ధర అడిగాడట. యజమాని బదులివ్వక, 'బోంజూర్' అని ఊరుకున్నాడట. పలకరించకుండా పని మాట ఎత్తడం ఫ్రెంచివారి దృష్టిలో అమర్యాద. చాలా కార్యాలయాల్లో ఉదయం సహోద్యోగులను పలకరించాకే పనికి కూర్చుంటారు. చనువు ఏర్పడే దాకా 'తు' అనరు, 'వూ' అనే సంబోధిస్తారు. మన 'నువ్వు', 'మీరు' వంటివే ఆ మాటలు.

వాడు ఇదంతా ఫోనులో చెబుతుంటే నా తల వాలిపోయింది. మాటకు ముందు సలాం అని మద్రసాలో ముప్పై ఏళ్లుగా బోధిస్తున్నాను. కాని వాడి గొంతు వినగానే నేనడిగేది, "డబ్బు పంపావా?" అనే.

మరునాడు నేనే ఫోను చేసి, "అస్సలాము అలైకుమ్, బేటా" అన్నాను.

అవతల కాసేపు మౌనం.

"అబ్బా, ఇంట్లో అంతా క్షేమమేనా?" అన్నాడు వాడు, కంగారుగా.