ఒక మాట, రెండు అరలు

నాన్నగారు బడిపంతులుగా ఉన్నన్నాళ్ళూ, విశ్రాంతి తీసుకున్న తరువాత కూడా, ఊళ్ళో విన్న మాటలను రాసిపెట్టుకొనేవారు. నిఘంటువు కూర్చాలన్న సంకల్పమేమీ కాదు; చెవిన పడ్డ మాటను వదలలేని గుణం. కళ్ళంలోనో, పెళ్ళివారింటనో కొత్త మాట వినబడితే, ఇంటికి వచ్చి నోటుపుస్తకంలో ఒక పద్దు రాసేవారు: మాట, అర్థం, ఎవరి నోట విన్నదీ. అలా నాలుగు పుస్తకాలయ్యాయి. ఆయన పోయాక, 2005లో, వాటిని యూనికోడులోకి ఎక్కించే పని నేను తలకెత్తుకున్నాను.

నాలుగో పుస్తకంతోనే మొదలుపెట్టాను. చివరి రోజుల దస్తూరి అది, అక్షరాలు వణుకుతుంటాయి. ముందు ఆ కష్టం తీరిపోతే తక్కినవి సులువవుతాయని నా లెక్క. తరువాత ఒకటి, రెండు, మూడు. 2007 వేసవికి పని పూర్తయింది. వరుసకొక పద్దు చొప్పున 3,412 వరుసలు. ఆ ఏటి వానలకు ఇంటి పెంకులు కారి నాలుగో పుస్తకం తడిసి ముద్దైంది. టైపు చేసేశాను గదా అనుకొని పెద్దగా విచారించలేదు.

చేత్తో సర్దలేనంత పోగైన వరుసలను సర్దడానికి నేను ఆశ్రయించినది ‘ఆక్’ అనే చిన్న భాష. 1977లో బెల్ ప్రయోగశాలల్లో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిహన్ అనే ముగ్గురు తయారుచేశారు. వారి ఇంటిపేర్ల తొలి అక్షరాలే దాని పేరు. ఫైలును వరుస వరుసగా చదవడం, వరుసను ముక్కలు చేయడం, ముక్కలను ఎరేలలో దాచడం దాని వృత్తి. ఎరే అన్న మాటకు ‘శ్రేణి’ అనేవారున్నారు. నాకు మాత్రం ‘అర’ అంటేనే బాగుంటుంది. అర్థమూ కుదిరింది, చప్పుడూ కలిసింది.

మామూలు ఎరే అంటే అమ్మ పోపులపెట్టె. గిన్నెల మీద పేర్లుండవు. మొదటిది ఆవాలు, రెండోది జీలకర్ర అని స్థానాన్ని బట్టే గుర్తు. ఆక్‌లోని ఎరే అలా కాదు, పేరు రాసి అంటించిన పచ్చడి జాడీల బారు. ‘మాగాయ’ అని అడిగితే మాగాయ జాడీయే చేతికొస్తుంది, అది ఎన్నోదో మనకు అక్కరలేదు. ఆక్‌కు ఈ రకం తప్ప వేరొకటి తెలియదు. ఒకటి, రెండు అని అంకె వేసి అడిగినా ఆ అంకెను కూడా ఒక పేరుగానే చూస్తుంది. వచన సామగ్రితో పనిచేసేవారికి ఇంతకు మించిన సదుపాయం లేదు. ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించాలంటే, ఆ మాట పేరుగల జాడీలో ఒకటి కలుపుతూ పోవడమే. లేని జాడీని అడిగితే అప్పటికప్పుడు ఖాళీది ఒకటి పుట్టిస్తుంది. ఆ ఔదార్యానికి నేను మురిసిపోయాను.

మురిసిపోయి ఒక రాత్రి చేసిన పని ఇది. వరుసలోని మొదటి ముక్కను, అంటే మాటను, జాడీ పేరుగా తీసుకో. మిగతా వరుసను అందులో పెట్టు. అన్నీ అయ్యాక జాడీలన్నిటినీ ఒక కొత్త ఫైలులోకి ఒంపు. రెండు వరుసల ప్రోగ్రాము, కన్నుమూసి తెరిచేలోగా ముగిసింది. 3,412 వరుసలు లోపలికి వెళ్తే 3,287 బయటికి వచ్చాయి. నాన్నగారు మరిచిపోయి ఒకే మాటను రెండుసార్లు రాసుకొని ఉంటారు, ఆ నకళ్ళు పోయాయి, మంచిదే అనుకున్నాను. పాత ఫైలును తీసేసి, దాని పేరే కొత్తదానికి పెట్టాను. వరుసల క్రమం తారుమారైనందుకు మాత్రం కొంచెం చిరాకు కలిగింది. జాడీలను ఏ క్రమంలో బయటికి తీస్తుందో ఆక్ హామీ ఇవ్వదు. కోతల నాటి మాటలన్నీ ఒకచోట, పురిటింటి మాటలన్నీ ఒకచోట ఉండేవి, అవి చెల్లాచెదురయ్యాయి.

2009లో ఒక సాయంత్రం అక్క ఫోను చేసింది.

“ఒరేయ్, ‘పాలు’ దగ్గర నాన్న నాయనమ్మ మాట ఒకటి రాశాడు చూడు, అది చదివి వినిపించు. పిల్లకి చెప్పాలి.”

వెదికాను. పాలు: క్షీరం, పాడి గేదె దగ్గర విన్న ఏదో పలుకుబడి. అంతే ఉంది.

“అది కాదురా. పాలంటే వాటా. పొలం పంపకాలనాడు నీకేం కావాలని అడిగితే, ‘నా పాలికి మీరే పొలాలు’ అందిట. నా ఎదురుగానే రాశాడు నాన్న.”

అప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి. జాడీ ఒకటే, పేరు ‘పాలు’. మొదట వాటా అనే అర్థం అందులో చేరింది. తరువాత క్షీరం వచ్చి, అందులో ఉన్నదాన్ని పారబోసి తాను కూర్చుంది. జాడీలో ఇప్పటికే ఏదో ఉందని ఆక్ హెచ్చరించదు; పెట్టమన్నాము, పెట్టింది. చివర వచ్చినదే నిలుస్తుంది. నేను నాలుగో పుస్తకాన్ని ముందు టైపు చేశాను కాబట్టి, నాన్నగారు ఆఖరున రాసిన మాటలను ఆయన మొదట రాసిన మాటలే తుడిచివేశాయి. పోయిన 125లో నిజమైన నకళ్ళు చాలా తక్కువ. అర, మడి, కారు, కొట్టు - ఒక్కొక్క మాటకు రెండేసి బ్రతుకులున్నాయి. సంగం మాటలకు ఒక బ్రతుకు పోయింది.

మూడు పుస్తకాలు నా దగ్గరే ఉన్నాయి. వాటితో వరుస వరుసా పోల్చి 54 పద్దులు తిరిగి చేర్చాను. మిగిలిన 71 నాలుగో పుస్తకానివి. అందులో కొంత భాగాన్ని టైపు చేసిన కొత్తలో, 2006లో, అక్కకు మెయిలులో పంపి ఉన్నాను. అప్పట్లో ఆమె ఎక్స్‌పీ కంప్యూటరులో తెలుగు కనిపించే ఏర్పాటు చేసుకోలేదు. తెరిస్తే అన్నీ డబ్బాలే. చదవలేక, చెరిపివేయనూ లేక, అలాగే ఉంచేసింది. ఆ డబ్బాలలో 48 పద్దులు దొరికాయి. ‘పాలు’ వాటిలో ఉంది.

ప్రోగ్రామును ఈసారి పెర్ల్‌లో రాశాను. 1994లో వచ్చిన అయిదో పెర్ల్ నుండి జాడీలో మరొక ఎరేను ఉంచవచ్చు. అంటే ‘పాలు’ అనే పేరు కింద ఒక పోపులపెట్టె: మొదటి గిన్నెలో వాటా, రెండో గిన్నెలో క్షీరం. పెట్టమనే చోట చేర్చమన్నాను. తేడా అంతే.

తరువాత దీనికి తిరగబడ్డ పేచీ వచ్చింది. ‘సంక్రాంతి’ రెండు జాడీలలో ఉంది! అక్షరం అక్షరం పోల్చినా కంటికి భేదం తెలియదు. ఒకదానిలో నేను సున్నకు బదులు తెలుగు అంకెలలోని సున్నాను కొట్టాను. మనకు రెండూ గుండ్రమే, యంత్రానికి అవి వేర్వేరు మాటలు. కంటికి కనబడకుండా పొల్లు తరువాత ఒదిగి ఉండే విభాజకం చేసే అల్లరి సరేసరి. అక్షరాల సంగతీ ఇలాగే ఉంటుంది. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. యూనికోడులో ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8లో పద్దెనిమిది బైట్లు. తొలి అక్షరం ఇమ్మని అడిగితే పాత ఆక్ అందులో ఒక్క బైటును, అంటే ‘స’లో మూడోవంతును, చేతిలో పెట్టేది. సంయుక్తాక్షరాన్ని విడదీయరాదన్న నియమం తెలుగుకు 2023లో, యూనికోడు 15.1తో గాని రాలేదు.

అకారాది క్రమం దగ్గర మాత్రం ఎరే నా పరువు నిలిపింది. సంకేతాల వరుసను నమ్ముకుంటే ‘కళ’ వచ్చి ‘కవి’కి ముందు కూర్చుంటుంది, ఎందుకంటే యూనికోడు పట్టికలో ళ స్థానం వ కంటే ముందు. ఱ కూడా ర పక్కనే ఉంటుంది. అందుకని నాన్నగారు బడిలో చెప్పించిన వర్ణమాలనే ఒక ఎరేలో పోసి, ఏ అక్షరం ఎన్నోదో అందులో చూసి సర్దమన్నాను. ఆయన పిల్లలతో వల్లె వేయించిన వరుసలోనే ఆయన మాటలు నిలబడ్డాయి.

తడిసిన పుస్తకాన్ని ఆరబెట్టి, అంటుకున్న కాగితాలను విడదీసి, భూతద్దంతో మరో 14 పద్దులు చదవగలిగాను. ఇంకా తొమ్మిది తేలలేదు. అవి ఏ మాటలో కూడా నాకు తెలియదు. తలమాటలైతే ఎక్కడికీ పోలేదు, ఆ తొమ్మిదీ ఫైలులోనే ఎక్కడో ఒక్క అర్థంతో మామూలుగా కూర్చుని ఉన్నాయి. అక్క వచ్చినప్పుడల్లా వర్ణమాల వరుసన కొన్ని పుటలు చదివి వినిపిస్తాను. “దీనికి నాన్న ఇంకోటి కూడా చెప్పేవాడురా” అని ఆమె ఎక్కడ ఆపుతుందో అని చూస్తుంటాను. మొన్నటికి ‘త’ దాకా వచ్చాం.