గెట్టు మీది మనిషి

మెదక్‌లో లోక్ అదాలత్ చూసి రాయమని ఎడిటర్ పంపాడు. శనివారం చూశాను. రాయాలనిపిస్తున్నది ఆదివారం సంగతి. కోర్టు బయట చాయ్ దగ్గర పరిచయమైన ఒక రిటైర్డ్ సారు, "రేపు మా ఇంటికి రా, ఒక గెట్టు పంచాయితీ ఉంది" అన్నాడు.

ఖిల్లా కింద పాత పెంకుటిల్లు. అన్నదమ్ములిద్దరూ ముందే వచ్చి అరుగుకు చెరో కొసన కూర్చున్నారు. తమ్ముడు చాయ్ తెప్పిస్తానంటే సారు వద్దన్నాడు. "పంచాయితీకొచ్చినోళ్ల చాయ్ తాగితే నాలుక ఒక దిక్కే గుంజుతది." చాయ్ ఆయన కోడలే తెచ్చింది.

సారు భుజం మీది తువ్వాల తీసి గచ్చు మీద పరిచాడు. అదే చెలక. పాత పహాణీ, టిప్పన్ నకలు పక్కన పెట్టుకుని అరచేత్తో ముడతలు సవరించాడు. అగ్గిపెట్టెలోంచి ఒక పుల్ల తీసి తమ్ముడికిచ్చాడు. "గెట్టు యాడుందో నువ్వే పెట్టు." ఇంకో పుల్ల అన్నకిచ్చాడు. తను ఒక్క పుల్లా పెట్టలేదు. రెండు పుల్లల నడుమ తన రెండు వేళ్లు ఆనించి చూశాడు, సరిగ్గా పట్టాయి.

"ఊళ్లె పెద్దమనుషులు ఇద్దరితోటి డిపాజిట్ కట్టిచ్చుకున్నరు సార్. పైసలు పోయినయ్, గెట్టు లొల్లి ఆడనే ఉంది" అని అన్న గొణిగాడు. సారు ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. "బోరు ఎవరి దిక్కుంది?" అన్నాడు. తమ్ముడి గొంతు మారింది. కరువొచ్చిన ఏడు, తన వంతు రోజున అన్న స్టార్టర్ డబ్బాకు తాళం వేశాడట. మక్క నిలువునా ఎండిందట. గంటసేపు ఆ తాళం ముచ్చటే నడిచింది. గెట్టు మళ్లీ మాటల్లోకి రాలేదు.

నాకు బస్సు టైమైంది. "చెరి సగం చేసి రాయించెయ్యండి సార్" అన్నాను. ఆయన నా వైపు చూసి, "నీకు బస్సుంది. రేపట్నుంచి ఆ గెట్టు మీద నడిచేది వాళ్లు" అన్నాడు.

సిగ్గేసింది. ఒకరి వైపు ఒరగడమే పక్షపాతం అనుకుంటాం. ఎట్లాగైనా తెంచెయ్యాలన్న ఆత్రం కూడా పక్షపాతమే. ఆ ఆత్రంలో మునిగేది ఎప్పుడూ నోరులేనివాడు. గోడ మీది పిల్లి ఎటు దూకితే లాభమో చూస్తుంది. గెట్టు మీది మనిషికి ఎటూ దూకే పని లేదు.

1987 నాటి న్యాయసేవల చట్టం కింద లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం. కట్టిన కోర్టు ఫీజు వాపసొస్తుంది, అప్పీలు ఉండదు. అప్పీలు లేదు గనకే సంతకానికి ముందు వినే ఓపిక ఎక్కువ కావాలి. పేపర్లో మనం వెతికేది మాత్రం ఎన్ని కేసులు తేలాయన్న లెక్క. 2023 మధ్యవర్తిత్వ చట్టం, మధ్యవర్తి తనకున్న సంబంధాలు ముందే బయటపెట్టాలనీ, పరిష్కారాన్ని రుద్దకూడదనీ అంటుంది. 120 రోజుల గడువిచ్చి, అవసరమైతే మరో 60 ఇస్తుంది. అగ్గిపుల్లలు వాళ్ల చేతికే ఇచ్చిన సారు ఆ చట్టం చదివాడో లేదో నేనడగలేదు.

మనకు ఇది కొత్త పాఠమేం కాదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం మీద ఎనిమిది సంతకాలున్నాయి. నలుగురు ఆంధ్ర దిక్కు, నలుగురు తెలంగాణ దిక్కు. గెట్టు మీద ఎవరూ లేరు. 1969 నాటికి ఆ కాగితం పరువేమైందో తెలంగాణ ఉద్యమంలో పిల్లలు ప్రాణాలిచ్చి చెప్పారు.

సారు ఇంట్లో ఆ పొద్దు రాజీ కుదరలేదు. కొలతకు సర్వేయర్‌ను పిలుద్దామని, వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుందామని లేచారు. దారిలో ఎడిటర్ ఫోన్ చేసి ఎన్ని కేసులు తేలాయని అడిగాడు. శనివారం లెక్క చెప్పి పెట్టేశాను. నేను గడప దాటేటప్పుడు సారు కోడలితో అన్న మాట అతనికి చెప్పలేదు.

"ఆ తువ్వాల తియ్యకు బిడ్డా. పుల్లలు కదుల్తయి. ఆదివారం దాకా పక్కకెల్లి ఊడువు."