తేదీ లేని కబురు



2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీ, ఆదివారము. ఉదయముననే మా చెల్లెలు విజయవాడ సింగ్‌నగర్ నుండి ఫోను చేసి, “అక్కా, వాకిటిలోనికి నీళ్లు వచ్చినవి” అని చెప్పినప్పుడు నేనంతగా భయపడలేదు. వానకాలమున ఆ పేటలో నీరు నిలుచుట క్రొత్త గాదు. మధ్యాహ్నమునకు క్రింది వాటా మునిగెను. తొమ్మిది నెలల పసిబిడ్డతో వారు మేడమీదికి చేరిరి. నేను రాజమహేంద్రవరములో మా వంటింట కూర్చుండి, పొయ్యిమీది పప్పు మాడుచున్నను ఎఱుగక, ఫోను చూచుచుంటిని.

బుడమేరు మైలవరము కొండలలో పుట్టి కొల్లేటిలో కలియు చిన్న యేరు. దాని నీటిని కృష్ణలోనికి మళ్లించుటకొక కాలువ కలదు. ఆ దినములలో కృష్ణయే పొంగి, ప్రకాశం బ్యారేజీ వద్ద పదకొండు లక్షల క్యూసెక్కులకు మించి పాఱుచుండెను. కాలువకు గండ్లు పడి, ఏటి నీరు పేటలమీద పడెను.

ఇట్టివేళ కార్యాలయములును, ధర్మసంస్థలును వాట్సాపునందు, ఫేస్‌బుక్కునందు కబుళ్లు పంపుట మీరెఱిగినదే. నాకును అవి పుంఖానుపుంఖములుగా వచ్చెను. “ఇన్ని లక్షల క్యూసెక్కులు విడుదలైనవి, లోతట్టువారు అప్రమత్తులై యుండవలెను” అని యొకటి. దానిని చెల్లెలికి చదివి వినిపించితిని. “క్యూసెక్కనగా నేమక్కా? మా మెట్లమీద ఇంకెన్ని మునుగునో అది చెప్పుము” అనెను. క్షణమునకు ఇరువది యెనిమిది లీటర్ల నీరని తరువాత తెలిసికొంటిని గాని, అప్పుడు నాకును తెలియదు. ఆ ప్రకటనలో అసత్యము లేదు. ఐనను బిడ్డ నెత్తుకొని మెట్లమీద నిలుచున్న తల్లికది యుపయోగపడలేదు.

సోమవారము సాయంకాలమునకు పాలపొడి అయిపోయెను. అదే సమయమున మా బంధువుల గ్రూపులో ఒక ధర్మసంస్థవారి కబురు కనబడెను: “వంతెన వద్ద పాలపొట్లములు పంచుచున్నాము. పసిపిల్లలు గలవారు రావలెను.” సంస్థ పేరును, ముద్రయును పెద్దవిగా నుండెను. తేదీ గాని, వేళ గాని లేదు. నేనది గమనింపనే లేదు. దేవుడే పంపినాడనుకొని తక్షణమే చెల్లెలికి పంపితిని.

మరునాటి ఉదయము మరిదిగారు రొమ్ములోతు నీటిలో దిగి బయలుదేరిరి. మూడు గంటలకు వట్టిచేతులతో తిరిగివచ్చిరి. నీటి అడుగున రేకు కోసి పాదమునుండి రక్తము కాఱుచున్నదట. “వదినగారూ, అది ఆదివారపు మాటయట” అని మాత్రమే నాతో అనిరి. ఆయన కోపించినను నాకింత బాధ కలుగకపోవును. బిడ్డకు గంజినీరు పట్టిరి. పగలు పండ్రెండు గంటలకు ప్రక్కమేడ ఆమె తన బిడ్డ పాలపొడిలో సగము గుడ్డమూటగట్టి, త్రాటిమీదుగా అందించెను.

నేను ఆ సంస్థకు ఫోను చేసితిని. పాపము, ఎవరో కుఱ్ఱవాడు. “అమ్మా, ఆ పంపిణీ ఆదివారము రాత్రికే ముగిసినది. కబురు తీసివేయుట మఱచితిమి” అనెను. కాని, మూట నందుకొనుచు ముఖము దాచుకొన్న యొక తల్లి చిత్రమును ఆ రాత్రియే ప్రకటించుట వారు మఱవలేదు. ఇది వ్రాయుటకు నాకు ముచ్చటగా లేదు. ఎండనక వాననక పనిచేసినవారును వారే.

నా చిన్ననాట ఊరిలో డప్పువాడు చాటెడివాడు. డప్పు మ్రోగినంతసేపే ఆ కబురు. ఫోనులోని కబురో, పని ముగిసిన తరువాతను బ్రదికియే యుండును. 2018 ఆగష్టులో కేరళమున వరదలు వచ్చినప్పుడు ప్రభుత్వపక్షమున నొక వెబ్‌సైటు నెలకొల్పి, సాయము కోరువారి చోటును, ఫోను నంబరును వ్రాయించుకొనిరి. స్వచ్ఛందసేవకులు వారికి మరల ఫోను చేసి విచారించుచుండిరి. ఇంటి పని చేయు మనకు ఈ పద్ధతి తెలియనిది కాదు. చాకలిపద్దులో వచ్చిన బట్టకు గీటు పెట్టమా?

ఫోనే లేనినాడేమి గతియని మీరడుగవచ్చును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై పడినప్పుడు విద్యుత్తుతోపాటు ఫోనులును మూగపోయినవి. అందుచేత చెప్పవలసినది గాలి రాకముందే చెప్పవలెను.

వరద తీసిన పిదప, ఆ నెలలోనే, బుడమేరు మరల తెగినదని పుకారు పుట్టెను. చెల్లెలు బిడ్డతో సగము మెట్లు దిగినది. ఈమారు నేనెవ్వరికిని ఏమియు పంపలేదు. “ఎవరు చెప్పిరి? ఎప్పుడు? ఏ చోట?” అని యడిగితిని. జవాబు లేదు. తరువాత అది అబద్ధమని అధికారులు ప్రకటించిరి.

ఇప్పుడు వాన పట్టినచో చెల్లెలే నాకు ముందుగా వ్రాయును. మొన్నటి కబురిది: “అక్కా, నేడు మంగళవారము, ఉదయము 7 గంటలు. వీధిలో చీలమండలోతు నీరు. మెట్లవద్ద లేదు. పాలపొడి రెండు డబ్బాలున్నవి.”