పోయిన రోజు కూలి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు కబురు చేసినప్పుడు మేము ముందు హాస్టల్ జ్ఞాపకాలే రాద్దామనుకున్నాం. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానాలు, ట్రంకుపెట్టెల తాళాలు, గుడ్డు పెట్టే రోజు వరుసలో తోపులాటలు, కాస్మెటిక్ చార్జీల కోసం ఎదురుచూపులు... ఇవన్నీ ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మాకంటే బాగా రాశారు కూడా. అందుకని ఈసారి ఇంగ్లండులో ఆడే ఒక ఆట గురించి, ఆ ఆటలో పేరు తెచ్చుకున్న ఒక కుర్రాడి గురించి రాస్తున్నాం. తిరిగి తిరిగి మన హాస్టల్ గేటు దగ్గరికే వస్తాం. కాస్త ఓపిక పట్టండి.

మేము ఆరో తరగతిలో ఎనిమిది మందిమి ఒకే రోజు ఈ హాస్టల్లో చేరాం. పీజీ దాకా వచ్చింది ఇద్దరం. ఇద్దరం ఒకే యూనివర్సిటీలో ఎమ్మే చరిత్ర చదువుతున్నాం. ఒకే గదిలో ఉంటున్నాం. వయసు 23. మా రెండిళ్లలోనూ డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే.

యూనివర్సిటీలో చేరిన కొత్తలో ఒక సంగతి జరిగింది. మెస్సులో భోంచేస్తుంటే తోటి విద్యార్థి ఒకరు, "మీకేం బాబూ, హాస్టల్ ఫ్రీ, ఫీజు ఫ్రీ, పుస్తకాలు ఫ్రీ" అన్నారు. నవ్వుతూనే అన్నారు. మేమూ నవ్వాం. కానీ ఆ తర్వాత ఎక్కడ చదివారని ఎవరడిగినా ఊరి పేరు చెప్పేవాళ్లమే తప్ప హాస్టల్ పేరు చెప్పేవాళ్లం కాదు. ఇద్దరం కూడబలుక్కున్నది లేదు. ఎవరికి వాళ్లమే దాచాం. అన్నం పెట్టిన చోటు పేరు చెప్పుకోలేకపోయామని రాయడానికి ఇప్పుడు కూడా చెయ్యి వెనకాడుతోంది.

రెండో సెమిస్టరులో మాకు సెమినారుకు వచ్చిన అంశం ఇంగ్లండు కార్మికుల జీవితం. లైబ్రరీలో వెతుకుతుంటే రగ్బీ చరిత్ర పుస్తకం ఒకటి దొరికింది. రగ్బీ అంటే మాకు తెలిసింది కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతి ఒక్కటే. చదివాక ఫోన్లో ఆటలు చూశాం.

రగ్బీలో రెండు రకాలున్నాయి. రగ్బీ యూనియన్ అనే దాంట్లో జట్టుకు 15 మంది, రగ్బీ లీగ్ అనే దాంట్లో 13 మంది. లీగ్ ఆట చూస్తుంటే మాకు కబడ్డీయే గుర్తొచ్చింది. బంతి పట్టుకున్నవాడు ఎదుటి జట్టు మీదికి దూసుకుపోతాడు. వాళ్లు కాళ్లు, నడుము పట్టి పడేస్తారు. కబడ్డీలో అయితే అక్కడితో అవుట్. ఇక్కడ కాదు. పడినవాడు లేచి, బంతిని నేల మీద పెట్టి, కాలితో వెనక్కి నెట్టాలి. వెనకున్న తోటివాడు దాన్ని అందుకుని మళ్లీ పరుగు తీస్తాడు. ఇప్పటి నియమం ప్రకారం ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలి జట్టుకు పోతుంది. చేత్తో బంతిని ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే దాన్ని ట్రై అంటారు.

ఒకే ఆట రెండుగా ఎందుకు చీలింది? మేము చదివిన వాటిలో మాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇదే.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండు ఉత్తర ప్రాంతమైన యార్క్‌షైర్, లాంకషైర్‌లలో రగ్బీ ఆడేవాళ్లు చాలామంది బొగ్గు గనుల్లో, బట్టల మిల్లుల్లో పనిచేసేవాళ్లు. ఆటలు శనివారం. శనివారం పూట కూడా పని ఉండేది. ఆటకు పోవాలంటే పని మానాలి, పని మానితే కూలి పోతుంది. ఇలా పోయిన పనిగంటలకు వాళ్లు 'బ్రోకెన్ టైమ్' అని పేరు పెట్టారు. ఆటగాడికి పోయిన కూలి మేరకైనా ఇవ్వనివ్వండని 1893లో లండన్ సమావేశంలో యార్క్‌షైర్ వాళ్లు అడిగారు. ఓట్లలో ఓడిపోయారు. డబ్బు ముడితే ఆట పవిత్రత పోతుందని పెద్దల వాదన. ఆ పెద్దలు చాలావరకు ఖరీదైన బడుల్లో చదివినవాళ్లు. ఒకపూట పని మానితే పొయ్యి వెలగని ఇల్లు వాళ్లకు తెలియదు.

1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై వేరుపడ్డాయి. పోయిన పనిదినానికి 6 షిల్లింగుల దాకా ఇవ్వొచ్చని నియమం పెట్టుకున్నాయి. 1898లో ఆటకు జీతం ఇవ్వడాన్ని కూడా ఒప్పుకున్నాయి, అయితే ఆటగాడికి వేరే పని ఉండి తీరాలన్నాయి. ఈ ఆటే తర్వాత రగ్బీ లీగ్ అయింది. యూనియన్ పెద్దలు ఊరుకోలేదు. లీగ్‌లోకి పోయినవాడికి యూనియన్ మైదానంలో ఇక చోటు లేదన్నారు. 1995లో యూనియన్ కూడా జీతాలకు ఒప్పుకునే దాకా, అంటే సుమారు నూరేళ్లు, ఆ గోడ నిలిచింది.

ఆ గోడ దాటిన కుర్రాడు బిల్లీ బాస్టన్. 1934లో వేల్స్‌లోని కార్డిఫ్ రేవు పక్కన టైగర్ బే అనే పేటలో పుట్టాడు. తండ్రిది ఆఫ్రికాలోని సియెర్రా లియోన్. తల్లిది ఐరిష్ మూలాలున్న కుటుంబం. ఇంట్లో పదకొండు మంది పిల్లలు. రేవు పనులకు, ఓడ పనులకు నానా దేశాల నుంచి వచ్చినవాళ్లు ఉండే పేట అది. యూనియన్ ఆటలో కార్డిఫ్‌కు ఆడాలి, ఆ తర్వాత వేల్స్‌కు ఆడాలి, ఇదీ అతని కోరిక. కార్డిఫ్ క్లబ్ నుంచి పిలుపు రాలేదు. అప్పుడే కాదు, 1980ల దాకా వేల్స్ యూనియన్ జట్టులో నల్లజాతి ఆటగాడికి చోటు దొరకలేదు.

1953లో లాంకషైర్‌లోని విగన్ అనే లీగ్ క్లబ్ వాళ్లు అతని ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. అతనికి ఇంకా ఇరవై నిండలేదు, సైన్యంలో నిర్బంధ సేవలో ఉన్నాడు. వాళ్లు 1000 పౌండ్లు ఇస్తామన్నారు. తర్వాత 1500 అన్నారు. కుర్రాడికి వెళ్లడం ఇష్టం లేదు. తల్లి 3000 ఇస్తే సరే అంది. అంత ఇవ్వలేక వెళ్లిపోతారనుకున్నారట. వాళ్లు ఒప్పుకున్నారు. మాట ఇచ్చాక తప్పదు, సంతకం పెట్టాడు. ఆ సంతకంతో వేల్స్ యూనియన్ జట్టు కల ముగిసింది.

తర్వాతిదంతా మైదానంలో జరిగింది. మైదానం అంచు వెంట పరుగెత్తే వింగ్ స్థానం అతనిది. విగన్ మొదటి జట్టులో ఆరు ఆటలు ఆడేసరికి 1954లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పర్యటనకు గ్రేట్ బ్రిటన్ జట్టులోకి తీసుకున్నారు. ఆ పర్యటనకు వెళ్లిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. అక్కడ 18 ఆటల్లో 36 ట్రైలు చేశాడు. అయినా అన్ని తలుపులూ తెరుచుకోలేదు. 1957లో గ్రేట్ బ్రిటన్ జట్టు ఆస్ట్రేలియా నుంచి తిరిగివస్తూ దక్షిణాఫ్రికాలో కొన్ని ఆటలు ఆడింది. అక్కడి వర్ణవివక్ష కారణంగా బాస్టన్ మాత్రం వెళ్లలేకపోయాడు. విగన్ తరఫున 1968 దాకా 488 ఆటలు ఆడి 478 ట్రైలు చేశాడు. ఆట మానేశాక ఆ ఊళ్లోనే పబ్ నడిపాడు. 2016లో విగన్ వాళ్లు, 2023లో కార్డిఫ్ వాళ్లు అతని విగ్రహం పెట్టారు. 2025 జూన్‌లో, 90 ఏళ్ల వయసులో 'సర్' బిరుదు వచ్చింది. రగ్బీ లీగ్ ఆటకు ఆ బిరుదు రావడం అదే మొదటిసారి. జార్జ్ హోటల్ సమావేశం జరిగి అప్పటికి 130 ఏళ్లు.

ఇంతవరకూ రాసుకుని మేము సెమినారు కాగితాలు పక్కన పెట్టేశాం. ఎందుకంటే ఇద్దరికీ ఒకడే గుర్తొచ్చాడు. మా ఎనిమిది మందిలో ఒకడు. పేరు రాయం. చదివితే వాడికే తెలుస్తుంది.

పదో తరగతిలో వాడు మా కబడ్డీ జట్టుకు రైడర్. సన్నగా ఉండేవాడు. నలుగురు చుట్టుముట్టినా నడుము తిప్పి గీత తాకేవాడు. పీఈటీ సారు వాణ్ని జిల్లా జట్టు ఎంపికలకు రాశారు. బస్సు చార్జీలు ఆయనే పెట్టుకుంటానన్నారు. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినవాడు సోమవారం నేరుగా జిల్లా కేంద్రానికి రావాలి. మేము ముగ్గురం సారుతో వెళ్లాం. గ్రౌండు గేటు దగ్గర మధ్యాహ్నం దాకా చూశాం. పేరు రెండుసార్లు పిలిచారు. వాడు రాలేదు.

బుధవారం హాస్టలుకు వచ్చాడు. వేళ్లు మిరపకాయ ఘాటుకు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. "అమ్మకి జొరంరా. ఇద్దరం మానితే అడ్వాన్సు ఎట్టా తీరుద్ది?" అన్నాడు. అప్పుడు కాయకోత కూలి రోజుకు 200. "200 రూపాయల కోసం జిల్లా జట్టు పోగొట్టుకున్నావు కదరా!" అని మేము వాణ్ని తిట్టాం. గదిలో అందరి ముందూ తిట్టాం. వాడేమీ అనలేదు. కుళాయి దగ్గరికి పోయి చేతులు కడుక్కున్నాడు. ఇంటర్ మొదటి ఏడాదిలోనే చదువు మానేశాడు. ఇప్పుడు గుంటూరులో కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు మోస్తున్నాడు.

ఆ రోజు మేము అన్నమాటకూ, లండన్ సమావేశంలో పెద్దలు అన్నదానికీ తేడా ఏముంది? వాళ్లకైతే తెలియదు. మా అమ్మలు కూడా ఆ కాయలే కోశారు, మాకు తెలిసి ఉండాలి. తెలిసే అన్నాం. వాడిలో ఆట లేక కాదు, పట్టుదల లేక కాదు. వాడు బస్సెక్కాలంటే ఇంట్లో ఒక రోజు కూలి ఎవరో ఇవ్వాలి. ఇచ్చేవాళ్లు లేరు, అంతే.

హాస్టల్ అంటే ఏమిటో అప్పుడు మాకు కొత్తగా అర్థమైంది. మేము చదువుకున్నన్నాళ్లూ ఇంట్లో మా కూలి పోయింది. ఆ లోటులో కొంతైనా, కనీసం మా తిండి బరువు, హాస్టల్ మోసింది. దాన్ని ఫ్రీ అనడం తప్పు. మా అమ్మానాన్నలు తమ వంతు రోజూ కడుతూనే ఉన్నారు. సెమినారు రోజు చివర్లో, "మేము సాంఘిక సంక్షేమ వసతి గృహంలో చదువుకున్నాం" అని చెప్పాం. పెద్ద విశేషమేమీ జరగలేదు. ఎవరో ట్రై గురించి ఒక ప్రశ్న అడిగారు, జవాబు చెప్పి కూర్చున్నాం. కానీ ఆ మాట గొంతులోంచి బయటికొచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. అన్నలూ, తమ్ముళ్లూ, ఈ వార్షికోత్సవం నుంచి ఒక చిన్న నిధి మొదలుపెడదామని మా ఆలోచన. బూట్లకు, కప్పులకు కాదు. ఎంపికలకో, ప్రవేశ పరీక్షకో, కౌన్సెలింగుకో మన హాస్టల్ విద్యార్థి వెళ్లాల్సిన రోజు ఆ ఇంట్లో పోయే కూలికి. సెలవుల్లో అయినా సరే. వాడు వచ్చి చేతులు చాపి అడగనక్కర్లేదు, రోజు కూలి లెక్క ప్రకారం ఇంటికే పంపుదాం. మేమిద్దరం మా స్కాలర్‌షిప్పులోంచి చెరి 500 వేశాం. లెక్క రాసే నోటుబుక్కు వార్డెన్ గారి దగ్గర ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు.

ఈ సంగతి చెబుదామని వాడికి ఫోన్ చేశాం. ఆనాటి మాటకు క్షమాపణ కూడా చెప్పాలనుకున్నాం, సరిగా చెప్పలేకపోయాం. వాడు నవ్వి, "అయితే నా కూలి ఇప్పుడిస్తారా?" అన్నాడు. లోడు వచ్చిందని ఫోన్ పెట్టేశాడు. రెండు రోజులకు మా ఫోనుకు వాడి దగ్గర్నుంచి డబ్బు వచ్చింది. 200 రూపాయలు. నోటుబుక్కులో మా పేర్లకంటే ముందు వాడి పేరే రాశాం.

తమ్ముళ్లూ, ఈ ఏడాది ఎంపికల తేదీలు తెలియగానే వార్డెన్ గారికి చెప్పండి. పండగ సెలవుల్లో పడితే మరీ ముందుగా చెప్పండి.