తొమ్మిదేళ్ళ తరువాతి పటం

మా పెద్దవాడికి కళ్ళు నులుముకునే అలవాటు చిన్ననాటి నుండీ ఉండేది. ఆళ్ళగడ్డలో మా వీధి చివర శిల్పులు రాయి చెక్కుతుంటారు. ఆ దుమ్ము వల్ల దురద కాబోలనుకున్నాము. ఫజ్ర్‌కు లేపితే కళ్ళు నులుముకుంటూనే లేచేవాడు. వుజూలో ముఖం కడుగుతూ కళ్ళు గట్టిగా రుద్దేవాడు. వద్దని మేము ఒక్కనాడూ అనలేదు.

ఇంటర్మీడియట్‌లో ఉండగా ఆరు నెలలకొకసారి కళ్ళద్దాలు మారుతుంటే నంద్యాలలో చూపించాము. కెరటోకోనస్ అన్నారు. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, అంటే కార్నియా, పలుచబడి శంఖువులా ముందుకు పొడుచుకువస్తుందట. కళ్ళు రుద్దడం దానిని పెంచుతుందని ఆనాడే విన్నాము.

2016లో హైదరాబాదులో క్రాస్‌లింకింగ్ చేయించాము. కార్నియా పైపొరను తొలగించి, రైబోఫ్లేవిన్ (మనమెరిగిన విటమిన్ బి2యే) చుక్కలు వేసి, అరగంట సేపు అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేశారు. దానితో కార్నియాలోని కొల్లాజెన్ పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి అది గట్టిపడుతుంది. జర్మనీలోని డ్రెస్డెన్ వైద్యులు 2003లో తొలి ఫలితాలు ప్రకటించిన పద్ధతి ఇది. మూడు రోజులు విపరీతమైన నొప్పి, తరువాత కొన్ని నెలలు మంచు కమ్మినట్లు మసక. ఆ మసక విడిపోగానే గండం గడిచిందనుకున్నాము. రెండేళ్ళు పరీక్షలకు వెళ్ళి, ఆపైన మానేశాము. చికిత్స జరిగింది గనుక వ్యాధి ముగిసిందని మా లెక్క.

ఇప్పుడు వాడు నంద్యాలలో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న చలికాలంలో, కుడికంటికి అద్దం సరిపోవడం లేదని చెప్పాడు. వ్యాధి తిరగబెట్టిందని, ఇక కార్నియా మార్పిడి తప్పదని ఆ రాత్రి మేమిద్దరమూ నిద్రపోలేదు.

హైదరాబాదులో డాక్టరు గారు పాత పటాన్నీ కొత్త పటాన్నీ పక్కపక్కన ఉంచారు. వంపు ఎక్కువైన చోటును చూపే ఎర్రని మచ్చ మునుపటి కంటే చిన్నదై, పాలిపోయి ఉంది. 54 డయాప్టర్ల వంపు 50కి దిగింది. చికిత్స తరువాత కూడా కార్నియా ఏళ్ళ తరబడి మెల్లగా చదునవుతూ ఉండవచ్చునని, అద్దం నంబరు మారింది అందువల్లనేనని ఆయన వివరించారు. డ్రెస్డెన్ వైద్యులే 34 కళ్ళను పదేళ్ళు గమనించి 2015లో వివరాలు ప్రకటించారు. చాలా కళ్ళలో వ్యాధి నిలిచిపోయింది, రెండింటికి మాత్రం చికిత్స మళ్ళీ చేయవలసి వచ్చింది. అరుదుగా కొందరిలో ఈ చదునవడం మితిమీరుతుందట.

అల్హందులిల్లాహ్ అని మేము లేవబోతుంటే, "మధ్య సంవత్సరాల పటాలు ఏవీ?" అని అడిగారు. లేవు. చదునవడం ఎప్పుడో ఆగిందా, ఇంకా సాగుతోందా అన్నది చెప్పగలిగేవి ఆ పటాలే. ఏడేళ్ళ ఖాళీ, అదంతా మా నిర్వాకమే. వాడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే తేలికపడేవాళ్ళమేమో. ఆరు నెలల తరువాత మళ్ళీ రమ్మన్నారు. ఒకే కుటుంబంలో ఈ వ్యాధి కొన్నిసార్లు ఇంకొకరికీ వస్తుంది గనుక చెల్లెలికీ పరీక్ష చేయించమన్నారు.

మరుసటి వారం దానిని తీసుకుని బయలుదేరాము. ఆళ్ళగడ్డ నుండి నంద్యాల వెళ్ళే బస్సులో కునుకు తీసి లేచిన పిల్ల, చేయి కంటి మీదికి పోనిచ్చింది. నంద్యాలలో మమ్మల్ని కలుసుకోవలసిన వాడు, ముందురోజే ఇంటికి వచ్చి మా వెంటే ఉన్నాడు. వెంటనే దాని మణికట్టు పట్టుకున్నాడు.

"మరి దురద పెడితే?" అంది.

వాడు సీసాలోని చల్లని నీళ్ళతో చేతిరుమాలు తడిపి, మడిచి ఇచ్చాడు.